కృష్ణవేణి రేకుల్లో బంగారరాజుగారి పుస్తకం

మా ఊళ్లో కృష్ణవేణి అనే ఆవిడ ఈ ఆరేళ్లలో నూటపది నవలల్నీ, నలభై ఆత్మకథల్నీ జనం చేత తినిపించింది. వాటిలో ఒక ఆత్మకథ అరక్క ఇద్దరు మనుషులు అమలాపురం ఆసుపత్రిలో చేరారు.

కొంచెం తగ్గించుకుంటాను. ఆవిడ తినిపించింది పుస్తకాల్ని కాదు, వాటి మీద తన అభిప్రాయాల్ని. ఆసుపత్రికి వెళ్లింది కూడా ఒక్కడే. అతను పన్ను పీకించుకోవడానికి వెళుతూ దారిలో తిన్నాడు. మిగతాదంతా నిజం. నేను పక్కనే ఉన్నాను. ఆ పుస్తకాలు ఆవిడకి పైకి చదివింది నేనే.

కృష్ణవేణి పూతరేకులు చేస్తుంది. వాడపల్లి వెంకన్న గుడికి వెళ్లే రోడ్డు మీద, ఏటిగట్టు దిగగానే ఎడమ చేతి వైపు ఆవిడ షెడ్డు. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. కింద ఎండు కొబ్బరాకు మంట. పాలలా పల్చగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగితే, రెప్పపాటులో రేకు లేస్తుంది. గుడ్డ ముందుగా లాగితే రేకు చిరుగుతుంది. ఆలస్యమైతే మాడుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న కాలాన్ని గడియారం కొలవలేదు, చెయ్యే కొలవాలి. పక్కన ఆవిడ భర్త వెంకటస్వామి కూర్చుని, రేకుల్లో నెయ్యీ పంచదార పొడీ వేసి మడతపెడుతూ ఉంటాడు.

నేను అక్కడికి చేరడానికి కారణం మా కాన్వెంటు. సిస్టర్లు మమ్మల్ని నిలబెట్టి, పుస్తకం కళ్లకి ఎదురుగా పట్టించి, గేటు దాకా వినపడేలా చదివించారు. అప్పటినుంచీ నాకు మనసులో చదువుకోవడం చేతకాదు. పాతికేళ్లు ఓర్చుకున్న మా ఆవిడ, "ఆ చదువేదో గట్టు మీద చదువుకోండి, పుణ్యముంటుంది" అని గొడుగు చేతికిచ్చింది. గట్టు మీద ఎండ ఎక్కువ. షెడ్డులో నీడ ఉంది. కొత్తపేట లైబ్రరీలో తెచ్చిన నవల ఒకటి పట్టుకుని, పొగ రాని వైపు స్టూలు వేసుకుని కూర్చున్నాను.

మూడో రోజుకే వెంకటస్వామి కనిపెట్టాడు. మడతపెడుతూ రేకుని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇయ్యాళ పుస్తకం బాగా లేదాండి బాబాయిగారూ?" అన్నాడు.

సంగతి ఏమిటంటే, చేతులు పనిలో ఉంటాయి గానీ కృష్ణవేణి చెవులు కథలో ఉంటాయి. విసుగొస్తే ఆవిడ చెయ్యి తొందరపడుతుంది. ఎవరైనా నమ్మలేని మాట అంటే, "అదెలాగ?" అని చెయ్యి ఆగిపోతుంది. కథ నడుస్తున్నట్టు నడిస్తే చేతిని చెయ్యే చూసుకుంటుంది. అలాంటి రోజున రేకు లేస్తుంటే, కుండ ఊపిరి వదిలినట్టు ఉంటుంది.

మొదట చదివింది ఒక పట్నం నవల. అందులో కథానాయిక బాధపడుతూ కిటికీ దగ్గర నుంచుంది. నేను ఓపిగ్గా చదువుతున్నాను. చాలాసేపటికి కృష్ణవేణి నోరు విప్పింది.

"ఈవిడ నలభై పేజీల నుంచీ కిటికీ దగ్గరే ఉందండి. అన్నం ఎవరు వండేరు?"

"అది రాయలేదమ్మా."

"ఆకలెయ్యలేదా?"

"అస్తిత్వ వేదన అమ్మా అది."

"కడుపు నిండేక వచ్చేదాండి?"

ఆ బేరీజు వేసుకుంటూ ఉండగా పదిహేను రేకులు మాడిపోయాయి. బాగున్నవాటినే శనివారం నాడు అమ్మారు. తణుకు నుంచి ఏడు శనివారాల మొక్కు మీద వస్తున్న దంపతులు ఒక పెట్టె కొనుక్కెళ్లారు. తర్వాతి శనివారం ఆయన ఒక్కడే షెడ్డులోకి వచ్చి, గొంతు తగ్గించి, "పోయిన వారం మీ రేకులు తిన్నాక మా ఆవిడ రెండ్రోజులు కిటికీ దగ్గరే నుంచుందండి. వంట నేనే చేసుకున్నాను. ఈ వారం ఏం చదువుతున్నారో చెబితే దాన్ని బట్టి తీసుకుంటాను" అన్నాడు.

ఆ వారం డిటెక్టివ్ నవల చదువుతున్నాం. ఆయన కొనలేదు.

ఆ నవల మీద కృష్ణవేణి అభిప్రాయం కూడా చెప్పాలి. "ఏం చెయ్యాలో తోచని మనిషినల్లా చంపేస్తున్నాడండి ఈ రాసినాయన. తోటమాలి చేసిన తప్పేంటి? ఆరో పేజీలో వచ్చేడు, ఏడో పేజీలో పోయేడు. మొక్కలకి నీళ్లెవరు పోస్తారు?" ఆవిడ ఏ పుస్తకాన్నయినా ఇలాగే పట్టుకుంటుంది. అన్నం ఎవరు వండారు, నీళ్లెవరు పోశారు, దీపం ఎవరు ఆర్పారు. ఈ మూడింటికీ జవాబు లేని రచయిత రేకులో నిలబడడు.

తర్వాత ఒక పెద్ద ఆఫీసరుగారి ఆత్మకథ. నాలుగొందల ఇరవై పేజీలు. వంద పేజీల దాకా మర్యాదగా విని, "ఈయనకి ఒక్కసారీ జలుబు చెయ్యలేదు చూసేరా?" అంది. నిజమే. ఆ పుస్తకంలో ఆయనకి జలుబు చెయ్యలేదు, బస్సు తప్పిపోలేదు, ఎవరి పేరూ మర్చిపోలేదు. రేకులు గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టు బిరుసుగా లేచాయి. వెంకటస్వామి మడతపెడితే మళ్లీ నిటారుగా నిలబడ్డాయి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినతను తిన్నది అవే. డాక్టరు పని సగం తగ్గిందని చెప్పుకున్నారు.

మంచివి లేకపోలేదు. సూది పోగొట్టుకుని రోజంతా వెతుక్కునే ఒక దర్జీ ఆవిడ గురించి చిన్న నవల తెచ్చాను. నూరు పేజీలైనా లేవు. ఆ రోజు లేచిన రేకు కింద పేపరు పెడితే చావు కబుర్ల కాలమ్ కూడా అక్షరం పోకుండా చదవగలిగాను. వెంకటస్వామి బీడీ మర్చిపోయాడు. ఆఖరి పేజీ చదివి పుస్తకం మూస్తే కృష్ణవేణి గుడ్డ పిండిలో అలాగే ఉంచి, "అప్పుడే అయిపోయిందాండి?" అంది. ఆరేళ్లలో ఆవిడ ఆ మాట అన్నది నాలుగు పుస్తకాలకి. అంతకు మించిన మెప్పు ఆవిడ దగ్గర లేదు.

ఇక జనం తెలివిమీరిపోయారు. రేకులు ఆర్డరు ఇచ్చే ముందు ఏ పుస్తకం నడుస్తోందో కనుక్కునేవారు. గృహప్రవేశాలకి నవ్వు పుస్తకాలు కావాలి. రిటైర్మెంటు ఫంక్షన్లకి మాత్రం ఆత్మకథలు వద్దు.

అలాంటి రోజుల్లో ఒక బుధవారం బంగారరాజుగారు కారు దిగారు.

బంగారరాజుగారు మస్కట్‌లో ఇరవై రెండేళ్లు పనిచేసి వచ్చారు. అక్కడ కంపెనీ మేనేజరని మా వైపు అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే చెప్పారు. మనిషి మర్యాదస్తుడు. ఎవరింటికి వెళ్లినా చేతిలో అరటి గెలో పనస కాయో లేకుండా వెళ్లరు. ఆ రోజు గెలతో పాటు పుస్తకం కూడా తెచ్చారు. అట్ట మీద ఒంటె. పేరు, ఇసుకలో నా ఇరవై రెండేళ్లు.

"ఆదివారం పదింటికి కొత్తపేటలో ఆవిష్కరణండి, ఆయ్. వచ్చినవాళ్లకి మొదట రేకు పెడతాం, తర్వాత పుస్తకం. మూడొందల పూతరేకులు కావాలండి."

"అలాగేనండి" అంది కృష్ణవేణి. కొత్తపేట ఫంక్షను హాలు నుంచి ఆవిడకి ఆర్డరు రావడం అదే మొదలు. అక్కడ పేరు నిలబడితే రోడ్డు మీద శనివారాల కోసం చూసే పని ఉండదు. చెడితే ఆ సంగతి మూడు వందల నోళ్లు చెబుతాయి.

"ఒక్క షరతండి. ఆ రేకులు వేసేటప్పుడు మా పుస్తకమే చదవాలి. వేరేది వద్దు. మీ చెయ్యి ఎలాంటిదో నేను విన్నానండి. మా పుస్తకం వింటే ఆ రేకులు ఎలా ఉంటాయో నేనూ తిని చూడాలి కదండి."

నేను దగ్గాను. వెంకటస్వామి నెయ్యి గిన్నెలోకి చూశాడు. మనవాళ్లలో ఎదుటి మనిషి గెల తెచ్చినప్పుడు కాదనడం లేదు. కృష్ణవేణి మాటిచ్చేసింది.

గురువారం పొద్దున్నే మొదలుపెట్టాం. మొదటి అధ్యాయంలో బంగారరాజుగారు పుట్టారు. ఆ క్షణాన గోదావరి వరద గౌరవంగా మూడడుగులు తగ్గింది. అబద్ధాల్లో కొంత అనుభవం ఉన్నవాణ్ణి గనక నాకు అది నచ్చింది.

"తగ్గిందాండి?" అంది కృష్ణవేణి.

"తగ్గిందని రాశారమ్మా."

"మంత్రసాని ఎవరు?"

"రాయలేదు."

రేకు మాడింది. మూడో అధ్యాయంలో మస్కట్ షేకుగారు బంగారరాజుగారి సలహా లేకుండా సంతకం పెట్టడం మానేశారు. రేకులు వరసగా చిరిగాయి. అయిదో అధ్యాయం నిండా ఆయనకి శాలువాలు కప్పినవారి జాబితా. శాలువా రంగులతో సహా. సాయంత్రానికి రెండొందల రేకులు వేస్తే నిలిచినవి తొమ్మిది. అవి నాకు తుమ్ములు వచ్చి చదవడం ఆగినప్పుడు వేసినవి.

"అయితే రేపంతా బాబాయిగారి చేత తుమ్మిద్దాం" అన్నాడు వెంకటస్వామి.

కృష్ణవేణి నవ్వలేదు.

"పోనీ ఆ దర్జీ ఆవిడ పుస్తకం పెట్టేద్దామే. రాజుగారికి ఏం తెలుస్తుంది?"

"పెళ్లి ఆయనది పెట్టుకుని పీటల మీద ఇంకోణ్ణి కూర్చోబెడతామేటి? మాటిచ్చేను. ఆయన పుస్తకంతోనే అవ్వాలి."

"అవ్వకపోతే?"

"ఆదివారం పొద్దున్న వెళ్లి రేకులు లేవలేదని నేనే చెబుతాను. మాడినవి మాత్రం పంపను."

చెప్పడం ఒక్కటే తక్కువ, ఆవిడ పరువు పోయినట్టే. ఆ పొద్దు ఇంటికి వెళుతూ నేను శాలువాల పేజీలన్నీ గుట్టుగా దాటేద్దామని నిర్ణయించుకున్నాను. కాన్వెంటులో బైబిలు వంశావళి దగ్గర ఆ విద్య నేర్చుకున్నాను.

శుక్రవారం ఉదయం ఏడో అధ్యాయంలో మళ్లీ శాలువాలు మొదలవగానే, వేలు తడి చేసుకుని ఒకేసారి పది పేజీలు తిప్పాను. రెండొందల ఏడో పేజీ వచ్చింది. దానికి శీర్షిక లేదు. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య, దారి తప్పి వచ్చినట్టు ఒకటిన్నర పేజీ ఉంది. ఆపకుండా చదివేశాను. అది ఇలా ఉంది.

"క్యాంపులో నలభై మందిమి. తెల్లారగట్ట అందరికీ టీ నేనే కాచేవాణ్ణి. ఎవరికి ఎన్ని చెంచాల పంచదారో మూడు నెలల్లో నేర్చుకున్నాను. ఒరిస్సా వాళ్లిద్దరికీ రెండేసి. మలయాళీకి అసలు వద్దు. అల్లవరం మంగరాజుకి ఒకటిన్నర. ఒకరోజు వాళ్లమ్మ పోయిందని మంగరాజుకి ఫోను వచ్చింది. సెలవు ఇవ్వలేదు. పనికి వెళ్లేవాడు, వచ్చేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నేను రోజూ గ్లాసు అతని పక్కన పెట్టేవాణ్ణి, చల్లారాక తీసేసేవాణ్ణి. తొమ్మిదో రోజున ఏదో ఆలోచిస్తూ మూడు చెంచాలు వేసేశాను. అతను ఒక గుక్క తాగి, పంచదార ఎక్కువైందిరా అన్నాడు. నేను వంటగది వెనక్కి వెళ్లి గ్యాసు సిలిండరు మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత లేచి ఇంకో గ్లాసు కాచి ఇచ్చాను."

ఇంకో పది వాక్యాలున్నాయి, కెటిలు గురించి. తల ఎత్తి చూస్తే కృష్ణవేణి పక్కన ఎనిమిది రేకులున్నాయి. ఒక్కదానికీ చిల్లు లేదు. షెడ్డులోకి వచ్చిన గాలికి పైది లేచి, కాసేపు ఆగి, మళ్లీ తన చోటే పడుకుంది.

"మళ్లీ చదవండి" అంది.

మళ్లీ చదివాను. మళ్లీ ఎనిమిది.

"తర్వాతి అధ్యాయంలో షేకుగారు..." అన్నాను.

"షేకుగారు వద్దండి. ఇదే చదవండి."

మూడొందల పూతరేకులకి ఆరొందల రేకులు. చదివిన ప్రతిసారీ ఎనిమిది. అంటే డెబ్భై అయిదు సార్లు. కాన్వెంటులో మాకు శిక్ష వేసినా అన్నిసార్లు వెయ్యలేదు. ఇరవయ్యోసారికి పుస్తకం మూసేశాను, నోటికొచ్చేసింది. నలభయ్యోసారికి వెంకటస్వామి పెదాలు కదుపుతున్నాడు. శనివారం మధ్యాహ్నానికి నా గొంతు పోతే అతనే అందుకున్నాడు. మలయాళీకి పంచదార వద్దు అన్నచోట అతను పెట్టే విరుపు నాకంటే బాగుంది.

శనివారం కదా, గుడికి వెళ్లే జనం ఆగారు. షెడ్డు మూసి ఉంది. లోపల పొగ, మంట, ఒకే కథ మళ్లీ మళ్లీ. ఏదో పారాయణ అనుకుని కొందరు చెప్పులు విప్పి నిలబడ్డారు. ఒక ముసలావిడ షెడ్డు చుట్టూ ప్రదక్షిణాలు కూడా చేసింది. నేను లెక్కపెట్టాను, పదకొండు. గుమ్మం దగ్గర రెండు అరటిపళ్లు పెట్టి, "మంగరాజు మాట్లాడేడా అండి?" అని అడిగి, మాట్లాడాడని చెప్పాక కళ్లు తుడుచుకుని వెళ్లింది.

సాయంత్రం ఆఖరి రేకు లేచాక కృష్ణవేణి గుడ్డ పిండుకుంటూ అడిగింది.

"బాబాయిగారూ, రాజుగారు మేనేజరు కదండి. మరి టీ కాచేరేంటి?"

ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. అన్నిసార్లు చదివితే టీ కనపడుతుంది గానీ, ఎవరు కాచారో కనపడదు.

"ఆయనే అచ్చు వేయించారుగా అమ్మా" అన్నాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఆదివారం హాలు నిండింది. ముందు రేకులు పంచారు. మూడొందల మంది ఉన్న హాల్లో ఫ్యాను చప్పుడు వినపడింది. ముఖ్య అతిథిగా వచ్చిన రిటైర్డ్ లెక్చరరుగారు రెండోది కూడా తిని, మైకు తీసుకుని, "రాజుగారూ, ఈ రేకులు మీ పుస్తకం చదువుతూ వేసినవట కదా. ఏ భాగానికి ఇంత రుచి వచ్చిందో వినాలని ఉంది" అన్నారు.

"అంతా ఇలాగే ఉంటుందండి, ఆయ్" అని బంగారరాజుగారు ఉప్పొంగిపోయి, "చదివింది ఆయనే" అని నన్ను వేదిక మీదికి పిలిచారు.

మూడో వరసలో కృష్ణవేణి తల అడ్డంగా ఊపింది. నేను చూశాను. కానీ అన్నిసార్లు తిరిగిన నాలుక మైకు చూడగానే దానంతట అదే మొదలెట్టేసింది. క్యాంపులో నలభై మందిమి.

టీ దగ్గరికి వచ్చేసరికి బంగారరాజుగారి మొహం మాడిన రేకులా అయింది. పక్కనున్న, పుస్తకం అచ్చువేసిన ప్రెస్సాయన్ని పట్టుకుని, "ఆ పేజీ తీసెయ్యమన్నాను కదయ్యా" అన్నారు. మెల్లిగానే అన్నారు గానీ ముందు మైకు ఉంది. హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నేను కథలో ఆయన్ని సిలిండరు మీద కూర్చోబెట్టి, లేపి, ఇంకో గ్లాసు ఇప్పించి ఆపాను. ఆయన కుర్చీలో తల వంచుకున్నారు.

అప్పుడు వెనక నుంచి పొడుగాటి మనిషి ఒకాయన లేచాడు. నోట్లో రేకు ఉంది. మింగి, "మూడు కాదండి. నాలుగు చెంచాలు" అన్నాడు.

బంగారరాజుగారు తలెత్తారు. "మూడేరా మంగరాజూ."

"నాలుగురా. తాగినోణ్ణి నేను."

"వేసినోణ్ణి నేను."

"నీకప్పుడు ధ్యాసెక్కడుంది? నా వంకే చూస్తా వేసేవు. నేను లెక్కపెట్టేను."

ముఖ్య అతిథి ఉపన్యాసం ఆ వేళ జరగలేదు. వాళ్లిద్దరూ ఒకరు వేదిక మీదా ఒకరు చివరి వరసలోనూ నిలబడి మూడా నాలుగా అని పావుగంట కొట్లాడుకుంటే, జనం రెండు పక్షాలుగా చీలిపోయారు. చివరికి బంగారరాజుగారే హాలు వంటింట్లోకి వెళ్లి, పంచె ఎగ్గట్టి, టీ కాచి, ఒకటిన్నర వేసి తెచ్చి ఇచ్చారు. తర్వాత వచ్చినవాళ్లందరూ వరసగా నిలబడి, తమకి ఎన్ని చెంచాలో చెప్పారు. సంతకాలు రెండొందల ఏడో పేజీ మీదే పెట్టించుకున్నారు.

సోమవారం ఆయన మళ్లీ షెడ్డుకి వచ్చారు, పనస కాయతో.

"పుస్తకం విన్నారాండి?" అని కృష్ణవేణిని అడిగారు.

"విన్నానండి."

"అంతా వాడేరా?"

"రేకుకి పనికొచ్చింది వాడేనండి."

ఆయన పనస కాయ కింద పెట్టి, "రెండో ముద్రణ పల్చగా వేయిద్దామనుకుంటున్నానండి, ఆయ్" అన్నారు.

ఇదంతా రాశాక, న్యాయం కదా అని, షెడ్డుకి వెళ్లి కృష్ణవేణికే మొదట చదివి వినిపించాను. ఆవిడ పని ఆపకుండా విన్నది. రేకులు ఎలా వచ్చాయో చూద్దామంటే పళ్లెం మీద తడిగుడ్డ కప్పేసింది.

"ఇందులో ఒక్కటీ నిజం కాదండి" అంది. "నేను పుస్తకాలు వినను, నాకు తీరదు. బాబాయిగారు పొయ్యి దగ్గర కూర్చుని పేపరు చదువుకుంటారు, అదీ నిద్రొచ్చేదాకానే. రేకు మాడిందంటే మంట ఎక్కువైందని, చిరిగిందంటే పిండి పల్చనైందని. ఆ తణుకు వాళ్లెవరో నాకు తెలీదు. రాజుగారు మస్కట్‌లో మేనేజరేనండి. ఆయన ఫంక్షనుకి మేం రేకులు వెయ్యలేదు. ఆ వేళ కొత్తపేటలో పంచినవి కాజాలు."